రాస్తే గాని తెలియదు

ఆ కళ్లజోళ్ల దుకాణం పెద్దమనిషికి కోపం వచ్చిందో లేదో ఆయనకే తెలియదు. డైరీలో రాసుకుని చూసుకుంటే గాని తెలియదు. సంతోషమైనా అంతే, విసుగైనా అంతే. ఎవరైనా "ఏమండీ, బాధపడ్డారా?" అని అడిగితే, "ఇంకా రాయలేదండీ" అనేవారు. అదీ చాలా మామూలుగా, ఇంకా భోజనం చేయలేదండీ అన్నట్టు.

వీధిలో అందరికీ ఆయన అద్దాలాయన. ఆయన బావమరిది సిటీ బస్సు డ్రైవరు. కొత్తగా ఆ ఊరి డిపోకి బదిలీ అయి, ఇల్లు దొరికేదాకా అక్కగారింట్లో దిగాడు. బావగారి డైరీ సంగతి ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాడు గాని, వినడానికీ ఒకే కప్పు కింద ఉండడానికీ ఎంత తేడా ఉందో వచ్చిన మర్నాడే తెలిసింది.

ఆ రోజు దుకాణం ముందు బావగారి స్కూటరు వెనక్కి తీస్తూ, గిరాకీలు ముఖం చూసుకునే నిలువుటద్దాన్ని గుద్ది ముక్కలు చేశాడు. అంత పెద్ద బస్సును సందుల్లో తిప్పేవాడు స్కూటరుతో అద్దం పగలగొట్టడమా అని అతనికే తల కొట్టేసినట్టయింది. బావగారు తిడతారు, తనూ ఒక మాట అంటాడు, సాయంత్రానికి సర్దుకుంటుంది అని సిద్ధపడి నిలబడ్డాడు. బావగారు వచ్చి, ముక్కలు చూసి, "ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్లి రాసుకున్నారు. తిరిగొచ్చి చీపురు అందుకుని, "కాళ్లు జాగ్రత్తయ్యా" అన్నారు.

"మీకు కోపం రాలేదా బావగారూ?"

"వచ్చింది. అరపేజీ వచ్చింది."

తిట్లు తినడానికి సిద్ధపడ్డవాడికి తిట్లు పడకపోతే ఎంత ఇబ్బందో డ్రైవరుకి అప్పుడు తెలిసింది.

అక్క బాధ ఇంకో రకం. ఆవిడ పొద్దున అన్నదానికి జవాబు సాయంత్రం వచ్చేది. "నువ్వన్న మాట రాసి చూశాను, నీదే న్యాయం" అనేవారు ఆయన. ఏ మాట? ఈలోగా ఆవిడ ఇంకా చాలా మాటలు అని ఉండేది. ఏ పోట్లాటలో నెగ్గిందో తెలియక నెగ్గిన సంతోషం కూడా దక్కేది కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క పోట్లాట కూడా కళ్లారా చూడలేదురా అని తమ్ముడి దగ్గర వాపోయింది.

డ్రైవరుకి రక్తపోటు ఉంది. రోడ్డు మీద ప్రతివాడూ తనను సాధించడానికే ఇల్లు కదిలాడని అతని నమ్మకం. డాక్టరు మాత్రలిచ్చి కోపం తగ్గించుకోమన్నాడు. ఎలాగో చెప్పలేదు. బావగారు ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి, మాత్రలు మానకుండా ఇది కూడా చూడమన్నారు. డ్రైవరు ఆ సాయంత్రం శ్రద్ధగా రాశాడు: బ్రేకు వదులుగా ఉంది, కుడివైపు అద్దం కదులుతోంది, హారను బొంగురు పోయింది. తీసుకెళ్లి చూపించాడు.

"బండి సంగతి సరే, నీ సంగతో?" అన్నారు బావగారు.

"నాకేం, బాగానే ఉన్నాను."

"అయితే అదే రాయి."

బాగానే ఉన్నాను అని రాసి డ్రైవరు తల గోక్కున్నాడు. ఆ ముక్క వెనకాలే ఇంకోటి వచ్చింది. పొద్దున ఎవరో కాలరు పట్టుకోబోవడం, బదిలీ అడ్డుకోవడానికి ఎవరి గడప తొక్కినా పని కాకపోవడం, పాత ఊళ్లో వదిలేసి వచ్చిన పిల్లలు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడడం. పేజీ నిండింది. ఎవరో తన జేబులోంచి ఇదంతా తీసి బల్ల మీద పెట్టినట్టు తెల్లబోయి చూశాడు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. మరోసారి వెళ్లినప్పుడు డాక్టరు రక్తపోటు చూసి, మాత్రలు బాగా పనిచేస్తున్నాయని మెచ్చుకున్నాడు.

అంతా బాగుందనుకుంటుండగా అసలు గందరగోళం మొదలైంది. బావగారికి పైకి చదువుకుంటూ రాసే అలవాటుంది. గోడ పలచన. ఒకరోజు పక్క గదిలోంచి వినపడింది: "కోడలు ఈ రోజు కూడా నా మొహం చూడకుండానే కంచం పెట్టి వెళ్లింది."

డ్రైవరు అదిరిపడ్డాడు. బావగారికి ఉన్నది ఒక్కగానొక్క కూతురు, అదీ ఇంకా చదువుకుంటోంది. మర్నాడు, "ఈ కుడిచెయ్యి నా మాట వినదు." తలుపు సందులోంచి చూస్తే ఆయన కుడిచేత్తోనే చకచకా రాస్తున్నారు. ఆ మరుసటి రోజు, "మా ఆయన ఉండి ఉంటే." డ్రైవరుకి ఆ పైన వినే ధైర్యం లేకపోయింది.

అక్కకు చెప్పాడు. మనకి కోడలేమిట్రా అని ఆవిడ ముందు నవ్వింది, తర్వాత "మా ఆయన" అన్న ముక్క విని కుర్చీ వెతుక్కుంది. ఉండబట్టలేక డ్రైవరే వెళ్లి బావగారిని అడిగాడు, మీకు కోడలెక్కడిదండీ అని. ఆయన చాలాసేపు రాసుకుని, "అది నేను చెప్పకూడదయ్యా" అన్నారు. దాంతో ఉన్న మతి కూడా పోయింది. తన రక్తపోటు వంక పెట్టి ఆయన్నే డాక్టరుకి చూపించాలని అక్కాతమ్ముళ్లు నిర్ణయించుకున్నారు. ఈలోగా ఆయనే జ్వరంతో మంచం పట్టారు.

జ్వరం ఇంకా తగ్గలేదు. ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఆటో ఆగింది. ఒకావిడ, ఒక ముసలావిడను చంక కింద పట్టుకుని దించింది. ముసలావిడ కుడిచెయ్యి వేలాడుతోంది. రాసే ఆయన ఉన్నారా అని అడిగింది చిన్నావిడ. డ్రైవరు అక్కను కేకేశాడు. అక్క వాళ్లను లోపలికి తీసుకొచ్చి, ఆయనకి జ్వరమని చెప్పి, పెద్దావిడను కూర్చోబెట్టింది.

చిన్నావిడ వరండాలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. అత్తగారికి పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. అంతకుముందు రోజూ డైరీ రాసుకునే మనిషి. అప్పటి నుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే, తిండి లేదు, పలుకు లేదు. కళ్లజోడు ఇవ్వడానికి వచ్చిన అద్దాలాయన ఈ సంగతి తెలుసుకుని, మధ్యాహ్నం దుకాణం మూసే వేళకు వచ్చి, ఆవిడ చెప్పింది రాసుకుని వెళ్లేవారు. ఇంటి దగ్గర దాన్ని ఆవిడ చూపుకు ఆనేంత పెద్ద అక్షరాల్లో దించి తెచ్చేవారు. ఏం రాశారో ఎవరికీ చెప్పేవారు కాదు.

"నా మీదే రాయిస్తారని నాకు తెలుసండీ," అంది కోడలు. "రాయించుకోనివ్వండి. రాయించిన రోజు అన్నం సరిగ్గా తింటారు. ఆయన రావడం మానేశాక మళ్లీ కంచం తోసేస్తున్నారు. అందుకని నేనే తీసుకొచ్చాను."

డ్రైవరు లోపలికి వెళ్లి, బావగారి కలం, ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చి, ముసలావిడ ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. ఆయన బావమరిదిని, చెప్పండమ్మా అన్నాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. మాట నెమ్మదిగా, తడబడుతూ వచ్చింది. అతను చెవి దగ్గరగా పెట్టి ఒక్కొక్క ముక్కే దించుకున్నాడు.

"అద్దాలాయనకి జ్వరం. బావమరిది రాస్తున్నాడు. అక్షరాలు బస్సు బోర్డులా ఉన్నాయి."

కలం ఆగింది. "అది కూడా రాయాలా అమ్మా?"

"రాయి."

రాశాడు. ఆ ముక్క మాత్రం ఇంకాస్త పెద్దగా రాశాడు.