డ్రమ్ములత్త అనుమానం

ఇంటింటికీ తిరిగి నిల్వనీళ్లు పారబోయించే ఉద్యోగం ఆవిడది. పదహారేళ్లుగా అదే పని. కనిపించిన డ్రమ్మునల్లా బోర్లించేస్తుందని వీధంతా డ్రమ్ములత్త అంటుంది. "మా ఇంట్లో నీళ్లేం లేవండీ" అని ఎవరైనా గుమ్మంలోనే అన్నారా, అయిపోయారే! అనుమానం అక్కడే మొదలు. పూలకుండీల కింది పళ్లాలు, కూలర్లు, ఫ్రిజ్ వెనక తొట్టి, అన్నీ టార్చి వేసి చూస్తే గానీ గడప దిగదు.

తను మాత్రం ఒంటికి దోమల మందు రాసుకోదు, దోమతెర కట్టుకోదు. దోమల నివారణ శాఖలో పాతకాపులందరికీ అదో గొప్ప. "ఇన్నేళ్లుగా కుడుతున్నాయి, ఒక్కరోజు మంచమెక్కానా? నా రక్తం వాటికే పడదు," అనేది.

అలాంటి ఆవిడ ఇంట్లోనే ఏడో నెల కడుపుతో ఉన్న కోడలికి డెంగీ జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. తల్లికీ బిడ్డకీ ఏమీ చెప్పలేమన్నారు ఆసుపత్రిలో. అత్తగారికి ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం. ఇది ఎవరింటి దోమ పని?

పక్కింటి దర్జీ మీదికి పోయింది మనసు. మొన్న తనని చూసి కూలర్ మీద గుడ్డ కప్పలేదూ! తిన్నగా వెళ్లి విప్పించింది. లోపల పొడిగా ఉంది. నిన్ననే పారబోసుంటావంటూ నిప్పులు చెరిగింది.

"ఏంటక్కా, నేనేమన్నా దొంగనా?" అన్నాడు దర్జీ, చిన్నబోయి.

"దొంగెవరో నేను తేలుస్తాగా!"

మర్నాడు ఆసుపత్రివాళ్లు ఇంట్లో అందరి రక్తమూ పరీక్షకు తీసుకెళ్లారు. రెండు రోజులకు డాక్టరమ్మ పిలిచి కాగితం చూపించింది.

"ఈ జ్వరం కోడలికన్నా ముందే మీకొచ్చి పోయినట్టుందమ్మా."

"నాకా? ఒళ్లు వెచ్చబడితే ఒట్టు!"

"చాలామందికి తెలియకుండానే వచ్చి పోతుంది. అప్పుడు మిమ్మల్ని కుట్టిన దోమే తర్వాత ఆ అమ్మాయిని కుట్టి ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేం."

పేరు ఇంకెవరిదైనా పడిందేమోనని ఆవిడ కాగితం రెండుసార్లు చూసుకుంది. తనదే.

వార్డులోకి వెళ్లేసరికి కోడలు లేచి కూర్చుని ఉంది. ప్లేట్‌లెట్లు పెరిగాయి, బిడ్డ బాగానే కదులుతోంది.

"ఎవరింటి దోమో తేలిందా అత్తయ్యా? ఆ దర్జీ బాబాయిదేనా?" అంది నీరసంగా.

అవుననేద్దామని నోటిదాకా వచ్చింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. మంచం అంచున కూలబడింది.

"కాదమ్మా. నన్ను కుట్టిందే నిన్ను కుట్టి ఉంటుందట."

 కోడలు అత్తకు కాస్త ఎడంగా జరిగి, దుప్పటి లాక్కుని, రెండు చేతులూ లోపల పెట్టుకుంది.