అణియం ఎటేపున్నాది

టీ బంకు దగ్గర దెయ్యాల కబుర్లు మొదలైతే గ్లాసు పక్కన పెట్టి లేచిపోయే రకం నేను. సముద్రం మీద ఎవరో పిలిచినట్టు వినపడిందని ఒకాయన చెబితే, "వైర్లెస్‌లో ఏ ఛానెల్లో పిలిచారు?" అని అడిగి అందరి ముందూ ఆయన్ని నవ్వులపాలు చేశాను. అలాంటి నేనే ఇప్పుడిది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేం కోపం లేదు.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఎలక్ట్రానిక్ సామాను బిగించడం నా పని. పుట్టింది జాలరిపేటలోనే. కానీ సముద్రమెక్కితే చాలు, తిన్నదంతా బయటికొచ్చేస్తుంది. అందుకే డిప్లొమా చదువుకుని గట్టు మీద స్థిరపడ్డాను. మా అక్క మొగుడు నూకరాజు బావ నన్ను "గట్టు జాలరి" అని ఏడిపించేవాడు. ఆయన సరంగు, అంటే బోటు నడిపేవాడు. పదిమందిలో ఉన్నప్పుడు పేరు పెట్టి పిలవకుండా నన్ను కూడా "బావా" అనేవాడు.

ఆయన నడిపే బోటు ఓనరు శాటిలైట్ కంపాస్ కొన్నాడు. బిగించింది నేనే. ఆ వస్తువు సంగతి ముందు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మామూలు జీపీఎస్ బోటు ఎక్కడుందో చెబుతుంది, ఎటు చూస్తోందో చెప్పలేదు. బోటు కదులుతుంటే ఇందాక అక్కడుంది, ఇప్పుడిక్కడుంది, కాబట్టి ఇటు పోతోంది అని లెక్క కడుతుంది. బోటు ఆగిందంటే ఆ లెక్క పనికిరాదు. అయస్కాంతం ముల్లేమో పక్కన ఇనుముంటే తికమకపడుతుంది, బోటు నిండా ఇనుమే. శాటిలైట్ కంపాస్‌లో అసలు ముల్లే ఉండదు. తెల్లటి డోమ్ కింద ముందొకటి, వెనకొకటి రెండు యాంటెన్నాలు, మధ్యలో మూరెడు ఎడం. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం రెండింటినీ ఒకేసారి తాకదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే ఒక చెవికి ముందు వినపడుతుందే, అలాగ. చాలా ఉపగ్రహాల నుంచి ఆ రవ్వంత తేడాలు కొలిచి, బోటు ఎక్కడుందో, దాని ముఖం ఎటుందో రెండూ చెబుతుంది. బోటు కదిలినా కదలకపోయినా సరే, డిగ్రీ కూడా తేడా రాదు.

బోటు ముందు కొసని మా వాళ్ళు అణియం అంటారు. డోమ్ మీదున్న బాణం గుర్తు అణియం వైపు ఉండేలా బిగించాలి. చేత్తో చేసే పని కాబట్టి కాస్త వంకర తప్పదు. అందుకని గట్టు మీద తెలిసిన గుర్తొకటి చూసుకుని, అణియాన్ని సూటిగా దానికి పెట్టి, యంత్రం చూపే అంకెనీ మ్యాపు అంకెనీ ఒకటి చెయ్యాలి. అందరూ లైట్‌హౌస్‌కే పెడతారు. నేనూ అదే చెప్పాను.

బావ వింటేనా! మా జాలర్లు సముద్రంలో చోటు గుర్తు పెట్టుకునేది గట్టు మీది కొండల్ని బట్టే. ఈ కొండ ఆ కొండ వెనక్కి చేరితే ఇక్కడ వల వెయ్యాలి అని. ప్రతి సరంగుకీ సొంత గుర్తులుంటాయి, పక్కవాడికి చచ్చినా చెప్పడు.

"లైటౌసు ఊరందరిదీని బావా. నాను మాత్రం మీ అక్కకే పెడతాను," అన్నాడు.

అన్నట్టే ఫోన్ చేసి అక్కని జాలరిపేటలో మా ఇంటి మేడ మీదికి రమ్మన్నాడు. ఎర్ర చీరలో అక్క సముద్రం వైపు తిరిగి నిలబడింది. "ఎంతసేపు నిలబడాల? పొయ్యి మీద పులుసున్నాది," అని ఫోన్లో ఒకటే తిట్లు. కలాసీలు, అంటే బోటు మీద పనివాళ్ళు, పడీ పడీ నవ్వారు. మా ఇంటి స్థానం నా ఫోన్లో ఉంది కాబట్టి నాకు లైట్‌హౌస్ అయినా అక్క అయినా ఒకటే. బావ ఎర్ర చీరకి సూటిగా అణియం పట్టి నిలిపాడు, నేను అంకె సరిచేసి సేవ్ నొక్కాను.

ఇంకొక్క సామాను ఉంది, ఏఐఎస్. ఫలానా బోటు ఇక్కడుంది, ముఖం ఇటుంది అని చుట్టుపక్కల అందరికీ రేడియోలో చెబుతూ ఉండే పెట్టె. అది బావ బోటు కేబిన్ కప్పు మీద ఉంది. స్థానం దాని సొంత యాంటెన్నా నుంచే తీసుకుంటుంది. ముఖం అంకె మాత్రం మాస్టు అనే నిలువు గొట్టం మీదున్న డోమ్ నుంచి రావాలి. ఆ అంకె రాకపోతే తెర మీద ఆ చోట చిన్న అడ్డగీతలు పడతాయి. ఇది గుర్తుంచుకోండి. మా షాపులో ఒక తెర ఉంది, అందులో ప్రతి బోటూ చిన్న త్రికోణంలా కనబడుతుంది. దాని ముక్కు నుంచి ముఖం ఉన్న వైపుకి ఒక గీత ఉంటుంది.

వానాకాలం వెళ్ళిపోతుండగా వాయుగుండం పట్టింది. హెచ్చరిక రాగానే, వేటకెళ్ళిన బావ తిరుగుముఖం పట్టాడు. ఉదయం పూట వైర్లెస్‌లో పిలిచాడు.

"ఇంజను ఆగిపోనాది బావా. ఏటో ఇరిగిపోనాది లోపల. అక్కకి అప్పుడే సెప్పకు."

సరే అన్నాను. గాలి ఎలా ఉందని అడిగాను. ఏదో చెప్పబోతుండగా మాట తెగిపోయింది. మళ్ళీ ఎంత పిలిచినా పలకలేదు. సెట్లోకి నీళ్ళు పోయుంటాయి అనుకున్నాను.

తెర మీద త్రికోణం మాత్రం ఉంది. మెల్లగా దక్షిణానికి కొట్టుకుపోతోంది. కోస్ట్‌గార్డ్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను. "మాకూ కనబడుతోందండీ. ఈ గాలిలో ఏ ఓడా దగ్గరికి పోలేదు. తగ్గనివ్వండి," అన్నారు. వాళ్ళని అనడానికేం లేదు, కెరటాలు గట్టు మీది రాళ్ళు దాటి పడుతున్నాయి. మనిషి ఎక్కడున్నాడో మీటర్లతో సహా తెలుసు, చెయ్యి చాపడానికి దారి లేదు. అంత చేతకానితనం నా జన్మలో ఎరగను. ఆ తెరని పగలగొట్టాలనిపించింది. మళ్ళీ కరెంటు పోతుందేమోనని దాన్నే కాపలా కాశాను.

అక్కకి ఎవరో చెప్పేశారు. తడిసి ముద్దయి షాపుకొచ్చింది. త్రికోణం చూపించాను.

"ఇది బావేనా?"

"బావ బోటు."

"దూరం ఎల్పోతందా?"

అబద్ధం చెప్పలేక తలూపాను. ఆ గీతేమిటని అడిగింది. బోటు ముఖం ఉన్న వైపని చెప్పాను.

"అయితే అణియం ఎటేపున్నాదిరా?"

గీతని పొడిగించి చూశాను. సూటిగా జాలరిపేట మీదికొచ్చింది. "మనేపే అక్కా," అన్నాను. అక్క ఏడవలేదు. "మనల్ని ఒగ్గడు. ఆయన ఒగ్గడు," అంది. ఇంటికెళ్ళాక కూడా గంటకోసారి ఫోన్ చేసి అదే అడిగేది. ఎక్కడున్నాడని ఒక్కసారీ అడగలేదు. ముఖం ఎటుందనే అడిగేది. నేను చూసి చెప్పేవాణ్ణి, మనేపే అని.

నాకు అనుమానం మర్నాడు పొద్దున్న వచ్చింది. ఇంజను ఆగిన బోటు కెరటానికి అడ్డం పడుతుంది, అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దాని ముఖం అంకె ఒక్క క్షణం నిలబడకూడదు. ఇది నిలబడింది. పోనీ యంత్రం బిగుసుకుపోయి పాత అంకే చూపుతోందా అంటే, అదీ కాదు. బోటు దక్షిణానికి జరుగుతున్న కొద్దీ ఇల్లు ఉత్తరానికి జరుగుతుంది కదా, అంకె కూడా అంతకంతే మారుతూ వచ్చింది. ఎన్నిసార్లు గీత పొడిగించినా మా ఇంటి మీదికే వచ్చింది. బావ ఎలాగో చుక్కాని పట్టి నిలుపుతున్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంజను లేకుండా చుక్కాని పనిచెయ్యదని తెలిసీ.

ఆ మధ్యాహ్నం గీత కదిలింది. జాలరిపేట వదిలేసి ఎడమ పక్కకి, పడమటికి తిరిగింది. బావ చెయ్యి వదిలేశాడనుకున్నాను. అక్కకి ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఎత్తనందుకు సంతోషించాను. ఎటేపని అడిగితే ఏం చెప్పను?

గీత మాత్రం మళ్ళీ చెక్కుచెదరకుండా నిలబడింది. పొడిగిస్తే స్టీల్ ప్లాంట్ వైపు పోతోంది. అక్కడ ఆయనకేం పని?

మూడోరోజు పొద్దున్న తెలియని నంబరు నుంచి అక్క ఫోన్ చేసింది. ముందురోజు మధ్యాహ్నం జాలరిపేట వీధుల్లోకి సముద్రం వచ్చేసిందట. మా చిన్నాన్న కొడుకు వచ్చి, అక్కనీ మా మేనకోడల్నీ స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో తన క్వార్టర్‌కి తీసుకుపోయాడు. నీళ్ళల్లో ఫోన్ తడిసిపోయింది. "ఈడికొచ్చీసినామని బావకి తెల్దు కదరా. ఇంటేపే సూత్తన్నాడా ఇంకా?" అని అడిగింది.

నేను క్వార్టర్ ఉన్న సెక్టార్ మ్యాపులో వెతికాను. గీత దాని మీద నుంచే పోతోంది. మౌస్ వదిలేసి మళ్ళీ పట్టుకుని మళ్ళీ చూశాను. అదే సెక్టారు.

"నీ వైపే అక్కా," అన్నాను. ఇంటి వైపు అనలేదు. ఆవిడకి ఆ తేడా తెలియలేదు.

ఆ రోజు గాలి తగ్గింది. ఓడొకటి బోటు దగ్గరికి చేరింది, మధ్యాహ్నానికి తాడు కట్టి బయల్దేరారని కబురొచ్చింది. తాడు కట్టారని చెప్పిన వేళకే తెర మీద ముఖం అంకె పోయి అడ్డగీతలు పడ్డాయి. దాని గురించి అప్పుడు ఆలోచించలేదు. మనుషులు దక్కారు, అంతే చాలనుకున్నాను.

హార్బర్‌లో బోటు ఆగగానే దూకి ఎక్కాను. కలాసీలందరూ ఉన్నారు. బావ లేడు. మాస్టు లేదు. అది ఉండాల్సిన చోట విరిగిన గొట్టం మొండెం, దాని పక్కన తెగిన వైరు ఉన్నాయి. ఆ వైరు నేను లాగిందే. కలాసీల్లో పెద్దవాడు అప్పన్న నా భుజం పట్టుకున్నాడు.

"తొలిరోజే బాబూ. నీతో మాటాడతన్నప్పుడే మాస్టు ఊగిపోనాది. మీ బావ తాడు కట్టేత్తానని బయటికెల్లాడు. కెరటం కొట్టీసింది. మాస్టుతో పాటే ఎల్పోనాడు."

మరి చుక్కాని ఎవరు పట్టారని అడిగాను.

"సుక్కానేటి? మూడ్రోజులూ బోటు గిర్రున తిరుగుతానే ఉన్నాది. అణియం ఒక్క దగ్గర నిల్లేదు."

డోమూ బావా ఒకేసారి పోయారు. ఆ తరవాత రెండు రోజులకి పైగా అంకె వస్తూనే ఉంది. ఆ డోమ్ అమ్మిన కంపెనీ ఇంజనీరుని అడిగాను. పాత డేటా మిగిలి ఉంటుందన్నాడు. పాత డేటా ఎలా మారుతుందన్నాను. వేరే బోటు సిగ్నల్ కలిసి ఉంటుందన్నాడు. వేరే బోటుకి మా అక్క ఎక్కడుందో ఎలా తెలుస్తుందని అడగలేకపోయాను. ఒకప్పుడు టీ బంకు దగ్గర నేను చూసిన చూపే నన్ను చూస్తాడని భయం. కంట్రోల్ రూమ్‌లో స్థానం రాసుకున్నారు గాని ముఖం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుంది నేనూ, మా అక్కా.

బావ దొరకలేదు. చాలా రోజులు వెతికారు.

నేనిప్పటికీ డోములు బిగిస్తున్నాను. లైట్‌హౌస్‌కే పెడుతున్నాను. ఇంట్లోవాళ్ళకి పెడతామని ఏ సరంగైనా సరదాకి అంటే కసురుకుంటున్నాను. ఎందుకో వాళ్ళకి తెలియదు.

అప్పన్న చెప్పిందంతా అక్క కూడా వింది. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు షాపుకొచ్చి ఆ తెర ముందు కూర్చుంది. మిగతా బోట్ల త్రికోణాలు వస్తూ పోతూ ఉన్నాయి. నా వైపు తిరగకుండానే అడిగింది.

"తొలిరోజే ఎల్పోనాడంతన్నారు. మూడ్రోజులూ మనేపే సూత్తన్నాడని నువ్వే కదరా సెప్పావు. ఎవులు సూసినట్టురా అయితే?"