మేనేజరు తిన్నాడు, ఏమీ పెట్టొద్దు

జనవరి నెలలో ఒకరోజు పొద్దున్నే మా మేనేజరు తన గిన్నెలో నీళ్లన్నీ తాగేశాడు. తర్వాత కోళ్లకు పెట్టిన నీళ్లు తాగాడు. అదీ చాలక కార్ఖానాలోకి పోయి, రాయి కోసే మిషను పక్కనున్న తొట్టి అంచు మీద ముందు కాళ్లు పెట్టి, ఆ బూడిద రంగు నీళ్లలో మూతి పెట్టాడు. చలికి మనుషులు మొహం కడుక్కోవడానికే వెనకాడుతున్న రోజులవి. ఏదో తేడాగా ఉందని నాకు ఆ రోజు అనిపించింది. మా ఆవిడ సుజాతకు వారం ముందే అనిపించిందట. మా ఇంట్లో ఏ సంగతైనా నాకు ఈ వరసలోనే తెలుస్తుంది.

మేనేజరంటే మనిషి కాదు, కుక్క. ఫాక్స్ టెర్రియర్. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి మాత్రం గోధుమ రంగు. పామూరులో ఒక బ్యాంకు మేనేజరు గారు పెంచుకున్నారు. ఆయనకు బదిలీ అయి అపార్టుమెంటుకు మారాల్సి వచ్చినప్పుడు, వయసు మీరిన ఈ పెద్దమనిషిని ఎవరికి అప్పగించాలో తెలియక మాకిచ్చారు. వచ్చినప్పుడు వాడి పేరు బ్రూనో. మా వీధి ఆ పేరును పరిశీలించి, పక్కన పెట్టి, మేనేజరని పిలవడం మొదలుపెట్టింది.

మాది మార్కాపురంలో చిన్న పలకల కార్ఖానా. ముందు కార్ఖానా, వెనక ఇల్లు, రోడ్డుకు అవతల ఖాదర్ భాయ్ టీ దుకాణం. ముసలి టెర్రియర్లను పెంచాలని మేమెప్పుడూ కూర్చుని నిర్ణయించుకోలేదు. మొదట వచ్చినవాడు టైగర్. గిద్దలూరు రైల్వే క్వార్టర్సులో ఖాళీ అయిన ఇంటి ముందు, పెంచినవాళ్లు తిరిగొస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటే, చూసి తట్టుకోలేక సుజాత తీసుకొచ్చింది. తర్వాత చిట్టి. పెద్దారవీడు దగ్గర ఒక తోటలో వదిలేసి పోయారు. పళ్లు లేవు, అభిప్రాయాలు మాత్రం గట్టివి. ఇద్దరూ మా వరండాలోనే ఎండ కాచుకుంటూ కొన్నేళ్లు బతికి, వయసైపోయి పోయారు. ఈలోగా చుట్టుపక్కల మండలాల్లో నాకొక పేరు స్థిరపడింది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేసి, "అన్నా, ఈడ ఒక ముసలోడు ఉండాడు, నీ బ్రాండే" అంటారు.

ముసలి కుక్కతో కొన్ని సౌకర్యాలున్నాయి. చెప్పులు కొరకదు. రాత్రంతా ఏడవదు. ప్రేమను కూడా మన ప్రవర్తన చూసుకుంటూ, తొందరపడకుండా ఇస్తుంది. ఇబ్బంది ఒక్కటే. మనం దానికి పూర్తిగా అలవాటుపడే వేళకు దానికేదో ఒకటి వస్తుంది.

పశువుల ఆసుపత్రిలో మా వంతు ఒక బర్రె తర్వాత వచ్చింది. డాక్టరు గారు చిన్న వయసు అమ్మాయి. నిదానంగా మాట్లాడుతుంది.

"బాగా తింటున్నాడా?"

"ముందుకంటే ఎక్కువే తింటున్నాడు మేడం."

"అయినా సన్నబడ్డాడు. యూరిన్ ఎక్కువ పోతున్నాడా?"

"వరండా అంతా," అంది సుజాత.

బ్లడ్ షుగర్ చూడాలన్నారు. గ్లూకోమీటర్ తీయగానే మేనేజరు బల్ల కిందికి దూరాడు. అందులో భయపడేదేమీ లేదని వాడికి చూపించడానికి నా వేలు ఇచ్చాను. వాడు చూడనే లేదు, డాక్టరు గారు మాత్రం మీటరు వైపు చూసి, "సార్, మీరు కూడా ఒకసారి మీ డాక్టరును కలవండి" అన్నారు. బర్రెకేమైందని అడిగి నేను మాట మార్చాను.

మేనేజరు చెవి అంచు నుంచి చుక్క రక్తం తీశారు. నాలుగు వందలు దాటింది. "డయాబెటిస్," అన్నారు. "కుక్కలకు మాత్రలు పనిచేయవు. ఇన్సులినే. పొద్దున, సాయంత్రం, తిన్న తర్వాత. జీవితాంతం."

సుజాత వారంలోనే సూది వేయడం నేర్చుకుంది. భుజాల మధ్య చర్మం పైకెత్తి, వాడికి తెలిసేలోపు పని ముగించేది. నా పని వాడి దృష్టి మళ్లించడం. ఆ పనికి నాకు అనుభవం ఉందని ఆమె అభిప్రాయం.

డాక్టరు గారు ఒక హెచ్చరిక చేశారు. "షుగర్ ఎక్కువైతే నెమ్మదిగా చెడగొడుతుంది. మరీ పడిపోతే మాత్రం గంటల్లో ప్రాణం పోతుంది. దాన్ని హైపో అంటాం. తూలుతాడు, వణుకుతాడు. వెంటనే చక్కెర నీళ్లు చిగుళ్లకు రుద్ది నాకు ఫోన్ చేయండి."

ఇక్కడ మా మేనేజరు దినచర్య చెప్పాలి. వాడు ఇంట్లో ఉండే రకం కాదు. టిఫిన్ కాగానే ఖాదర్ భాయ్ దుకాణం, అక్కడ్నుంచి కార్ఖానాలో పలకలు ప్యాక్ చేసే మార్తమ్మ దగ్గర కాసేపు, మళ్లీ దుకాణం. వాడెక్కడ పడిపోతాడో తెలియదు గనక, ఈ హైపో సంగతి నేను అందరికీ వివరించాను. తూలినట్టు కనపడితే చక్కెర పెట్టమన్నాను. రెండుసార్లు చెప్పాను.

"మేనేజర్లకు షుగర్ రాకుంటే ఇంకెవురికి వస్తది అన్నా," అన్నాడు ఖాదర్ భాయ్ గ్లాసులు కడుగుతూ. "కుర్చీలో కూసోని చేసే ఉద్యోగం."

మార్తమ్మ పలకల కట్ట దించి నిలబడింది. "కుక్కకు గూడా షుగరేందన్నా? మా అత్తకు వచ్చినప్పుడు కాకరకాయ రసం తీసినాం."

"వాడు తాగుతాడా మార్తమ్మా?"

"మా అత్తే తాగలేదు."

ఇద్దరూ చాలా శ్రద్ధగా విన్నారు. ఇంత బాధ్యత గల వీధి ఇంకెక్కడా ఉండదని నేను ఇంటికొచ్చి సుజాతతో అన్నాను కూడా.

ఫిబ్రవరి అంతా సూదులతో గడిచింది. షుగర్ మాత్రం కదల్లేదు. వెళ్లిన ప్రతిసారీ డాక్టరు గారు మీటరు చూసి, కనుబొమలు ముడిచి, కొన్ని యూనిట్లు పెంచేవారు. మేనేజరు ఎముకలు కనపడసాగాయి. ఎడమ కంట్లో మబ్బులాగా పొర వచ్చింది. "క్యాటరాక్ట్. షుగర్ తగ్గకపోతే రెండో కన్నూ పోతుంది," అన్నారు.

"బయట ఎవరైనా ఏమైనా పెడుతున్నారా?"

"లేదు మేడం," అన్నాను. ఆ విషయంలో నాకు అనుమానమే లేదు. "అందరికీ నేనే దగ్గరుండి చెప్పాను."

"అయితే ఇన్సులిన్ రెసిస్టెన్స్ కావచ్చు, ఒంటికి మందు పట్టడం లేదు. ఇంకొంచెం పెంచి చూద్దాం. దీనికీ తగ్గకపోతే ఇక కష్టమే."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వాడు సుజాత ఒళ్లో పడుకుని, కనపడే కన్నుతో రోడ్డు చూస్తున్నాడు. "టైగర్, చిట్టి వయసైపోయి పోయినారు," అంది ఆమె. "వీణ్ణి మాత్రం మనమే చూస్తా చూస్తా పోగొట్టుకుంటామేమో అనిపిస్తా ఉంది." నేను నా తువ్వాలు తీసి వాడి మీద కప్పాను.

రంజాన్ పండగ వచ్చింది. కార్ఖానాకు సెలవిచ్చాం, ఎదురుగా దుకాణం మూసుంది. పొద్దున మేనేజరు మామూలుగానే తిన్నాడు, సుజాత మామూలుగానే పెంచిన డోసు వేసింది. వాడు రోడ్డు దాటి మూసిన దుకాణం ముందు కాసేపు కూర్చుని, కార్ఖానా తలుపు వాసన చూసి, పండగ సెలవుల మీద నమ్మకం లేనట్టు తిరిగొచ్చి పడుకున్నాడు.

మధ్యాహ్నం నీళ్ల కోసం లేచి, వెనక కాళ్లు రెండూ ఒకవైపుకు జారి పడ్డాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. తర్వాత ఒళ్లంతా వణకడం మొదలైంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు.

సుజాత వంటింట్లోకి పరిగెత్తింది. నేను ఫోన్ స్పీకర్లో పెట్టాను. "నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది," అంటున్నారు డాక్టరు గారు. "వేలితో చిగుళ్లకు రుద్దండి. రుద్దుతూనే ఉండండి." సుజాత వాడి తల ఒళ్లో పెట్టుకుని చక్కెర నీళ్లలో వేలు ముంచుతూ రుద్దింది. "మేనేజరూ, లెయ్ నాయనా, లెయ్," అని అదే మాట. నేను గిన్నె పట్టుకున్నాను. అంతకంటే పెద్ద పని నాకు ఎవరూ ఇవ్వలేదు, ఇచ్చినా చేయగలిగే స్థితిలో లేను.

ఎంతసేపో తెలియదు. వాడి నాలుక కదిలింది. ఆమె వేలు నాకాడు. ఇంకోసారి నాకి, ఇంకా ఉందా అన్నట్టు గిన్నె వైపు చూశాడు.

"ఇప్పుడు కొంచెం అన్నం పెట్టండి," అన్నారు డాక్టరు గారు. "సాయంత్రం సూది వేయకండి. రేపు తీసుకురండి." ఆ తర్వాత అడిగారు. "ఇన్ని వారాలు ఎంత డోసు పెంచినా తగ్గలేదు. ఇవాళ అదే డోసుకు పడిపోయాడు. ఇవాళ ఏం తేడా జరిగింది?"

"తేడా ఏమీ లేదు మేడం. పండగ, అంతే."

సాయంత్రం ఖాదర్ భాయ్ కొత్త బట్టల్లో, అత్తరు వాసనతో వచ్చాడు. ఒక చేతిలో మా కోసం బిర్యానీ క్యారియరు. ఇంకో చేతిలో ఒక పెద్ద గిన్నె, ఒక చిన్న గిన్నె, రెండింట్లోనూ షీర్ ఖుర్మా, పండగ సేమ్యా పాయసం.

"పెద్దది మీకు," అన్నాడు. "చిన్నది మేనేజరుకు. పొద్దున దుకాణం తీయలేదు గదా, పాపం ఆకలితో ఉంటాడని."

సుజాత గడపలోనే ఆగిపోయింది. "అదేంది భాయ్, రోజూ పెడ్తావా?"

"రెండు బిస్కెట్లు, అంతే వదినా. టీలో ముంచి."

"రోజా ఉపవాసాల నెలలో గూడా?"

"నాకు రోజా గాని వానికేం రోజా."

నేను వాడికి షుగరని చెప్పాను గదా అని గుర్తుచేశాను. ఖాదర్ భాయ్ నన్ను చూసిన చూపులో కొంచెం జాలి ఉంది. "నువ్వే గదన్నా చెప్పినావు, తూలితే చక్కెర పెట్టమని. తూలేదాంక ఎందుకు, ముందే పెడితే తూలడు గదా అనుకున్యా."

మర్నాడు మార్తమ్మను అడిగాం. దాపరికమేమీ లేదు. "నేను బిస్కెట్లు పెట్టలేదన్నా, బెల్లమే. బెల్లం మంచిది గదా. మా అమ్మాయి కూడా మొన్న వచ్చినప్పుడు ఒక ముక్క పెట్టింది. వానికి కళ్లు తిరుగుతాయేమోనని మాకు ఒకటే బయం."

అప్పుడు సుజాత గోడ వైపు చూస్తూ అంది. "శుక్రవారం పూజ చేసినాక కొంచెం ప్రసాదం నేనూ పెట్టినా. ప్రసాదం లెక్కలోకి రాదనుకున్నా."

అంటే వీధి మొత్తంలో మేనేజరుకు ఏమీ పెట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మధ్య వాడు నాతో ముభావంగా ఎందుకుంటున్నాడో అప్పటికి అర్థమైంది.

డాక్టరు గారు అంతా విని, పెన్ను కింద పెట్టారు. "ఇన్ని రోజులూ నేను డోసు లెక్కగట్టింది ఈ కుక్కకు కాదు, మీ వీధికి," అన్నారు. దుకాణం, కార్ఖానా రెండూ మూతపడ్డ రోజున ఆ ఇన్సులినంతా కుక్కకొక్కదానికే పడింది. డోసును మొదటికి దించారు. బయట తిండి పూర్తిగా బంద్ అన్నారు.

ఆ మాట నేను దుకాణంలో చెబితే ఖాదర్ భాయ్ మొహం చిన్నబోయింది. "వాడొచ్చి నా కాళ్ల కాడ కూసుంటాడు. ఒట్టి చేతులతో ఎట్ల పంపేది అన్నా?" మార్తమ్మదీ అదే గోడు. మళ్లీ డాక్టరు గారికి ఫోన్ చేశాను. కీరా ముక్క అయితే పెట్టుకోవచ్చన్నారు, చిన్నది. ఇప్పుడు దుకాణంలో బిస్కెట్ల సీసా పక్కన మూతపెట్టిన గిన్నెలో కీరా ముక్కలుంటాయి. మొదటి రోజు మేనేజరు ఆ ముక్కను వాసన చూసి, ఖాదర్ భాయ్ మొహంలోకి చాలాసేపు చూశాడట. "నా లోను రిజెక్టు చేసినట్టు చూసినాడన్నా," అని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక మా దగ్గర పలకలకు కొదవ లేదు. ఒకటి గేటుకు వేలాడదీశాం. పొద్దున వాడు తిని సూది అయ్యాక సుజాత బలపంతో రాస్తుంది: మేనేజరు తిన్నాడు, ఏమీ పెట్టొద్దు. తిన్నాడని తెలిసింది గనక తూలతాడేమోనని ఎవరికీ భయం లేదు, ముందుజాగ్రత్తగా తీపి పెట్టాల్సిన అవసరమూ లేదు.

నెల తిరిగేసరికి షుగర్ చెప్పినమాట విన్నది. వాడి ఒంటి మీద కండ పట్టింది. ఎడమ కన్ను పోయింది గానీ కుడి కన్ను నిలిచింది. ఆ ఒక్క కన్నుతోనే కార్ఖానా అంతా తనిఖీ చేస్తున్నాడు. మొన్న వెలిగండ్ల నుంచి ఎవరో ఫోన్ చేసి, "అన్నా, ఒక ముసల్ది ఉంది, నీ బ్రాండే" అన్నారు. సుజాత అప్పుడే దుప్పటి ఉతుకుతోంది.

నా అనుభవంతో చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఎవరున్నా, వాళ్లకు ఎన్ని కాళ్లున్నా, ఎప్పుడు తీపి పెట్టాలో చుట్టుపక్కల వాళ్లకు చెప్పి ఊరుకోకండి. ఎప్పుడు పెట్టకూడదో ముందు చెప్పండి. పెట్టేవాళ్లకు చేతిలోకి ఇంకేదైనా ఇవ్వండి. చెప్పింది అందరికీ కనపడేచోట రాసిపెట్టండి.

ఈ మధ్య సుజాత నన్ను కూడా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. వివరాలు అనవసరం. మర్నాడు టీకి వెళితే ఖాదర్ భాయ్ చక్కెర లేని గ్లాసు నా ముందు పెట్టి, పక్కన సాసర్లో ఒక కీరా ముక్క పెట్టాడు. నేను గేటు వైపు తిరిగి చూశాను. పలక మీద రెండో వరస ఉంది.

సారు కూడా తిన్నాడు.