నగరంలో కలపమని నేను రాసిన అర్జీ

టాటీబంధ్ చౌరస్తా దాటాక మా కాలనీకి వెళ్లే రోడ్డుకు ఒక పక్క రాయ్‌పూర్ నగరం, రెండో పక్క గ్రామ పంచాయతీ. మేం పంచాయతీ వైపు ఉండేవాళ్లం. ఎదుటివాళ్లకు వీధి దీపాలు, కుళాయిలు ఉండేవి. మాకు ట్యాంకరు, వానొస్తే మోకాలి లోతు బురద.

నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఒక రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపేవాడు. హిందీ మాట్లాడేవాడు గానీ రాయలేడు. మిల్లులో తోటివాళ్లు ఆయన్ని ‘గావ్‌వాలా’ అని, అంటే పల్లెటూరివాడని, పిలిచేవాళ్లు. ఆ మాట ఆయన్ని కోసేది. కాలనీని నగరంలో కలిపించాలన్న పంతం అక్కడినుంచే పుట్టిందని నా అనుమానం.

“నువ్వు హిందీలో సదూకున్నావు కదేటి, మాంచి అర్జీ ఒకటి రాసీ పాపా” అన్నాడు. అప్పుడు నేను బీఏ చివరి సంవత్సరం. రాశాను. ‘మేమూ ఈ నగర పౌరులమే’ అని మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

సంతకాలకు ఇల్లిల్లూ తిరిగాను. కాదన్నది మా వెనకింటి కాకీ ఒక్కతే. కాకీ అంటే అక్కడి భాషలో పిన్ని. ఛత్తీస్‌గఢీ మనిషి. సర్పంచ్ ఇచ్చిన పట్టాతో కాలువ గట్టున రెండు గదులు వేసుకుని, చుట్టూ కూరగాయలు పండించేది. అమ్మకు నొప్పులొచ్చిన రోజు ఏ ఆటోవాడూ బురదలోకి రానంటే, తమ్ముణ్ణి భూమ్మీదికి తెచ్చింది ఆవిడే.

“నోనీ” అంది. ఆడపిల్లల్ని అక్కడ అలాగే పిలుస్తారు. “ఇప్పుడు పని జరక్కపోతే పొద్దున్నే సర్పంచ్ గుమ్మంలో కూర్చుని తిడతాను. నగరం ఇల్లు ఎక్కడుందో చెప్పు. అక్కడికెళ్లి ఎవర్ని తిట్టను?”

అర్జీ మడుచుకుని వచ్చేశాను. సాయంత్రం నాన్నే వెళ్లాడు, నన్ను వెంటబెట్టుకుని.

“ఎందుకు భాభీ భయం? నగరమంటే చట్టం. సర్పంచ్ కాగితం పోయి పక్కా కాగితం వస్తుంది” అని నచ్చజెప్పాడు.

ఆవిడ ఆయన్ని వదిలేసి నావైపు తిరిగింది. “నువ్వు చెప్పు నోనీ. చదువుకున్నదానివి. నిజమేనా?”

“నిజమే కాకీ” అన్నాను. నాకేమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆవిడ వేలిముద్ర వేసింది.

కాలనీ నగరంలో కలిసింది. నాన్న అందరికీ లడ్డూలు పంచాడు. పంచాయతీ భవనం మీది పేరుకు సున్నం కొట్టారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు అదే బురదలో నడిచాం. కుళాయి కంటే ముందు నోటీసు వచ్చింది. కాలువ గట్టు ఆక్రమణ, వారంలో ఖాళీ చేయాలి. చదివి పెట్టమని కాకీ దాన్ని నా దగ్గరికే తెచ్చింది. చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను.

ఆవిడ పట్టా తీసుకుని కార్పొరేషన్ వాళ్ల జోన్ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా చూసి, కాగితాన్ని నా వైపు నెట్టాడు. “పంచాయతీ పట్టానా? ఆ పంచాయతీయే లేదు కదా మేడమ్. మీరే అర్జీ పెట్టి కలిపించుకున్నారు.” వెటకారం లేదు అతని గొంతులో. ఉంటే కనీసం పోట్లాడేదాన్ని.

జేసీబీ వచ్చిన పొద్దున నాన్న డ్యూటీకి వెళ్లలేదు. “సామాన్లు తీసుకోనీ భాయ్, కొంచెం ఆగు” అని డ్రైవర్ని బతిమాలాడు. అతను కాస్త ఆగాడు కూడా. కాకీ గిన్నెలు ఒక్కొక్కటే బయటికి తెస్తోంది. పిండి డబ్బా అందుకోబోయాను. నా చేతుల్లోంచి లాక్కుంది.

ఇంటికొచ్చాక, “ఇది మనం చేసిందే నాన్నా” అన్నాను.

“రోడ్డు రావాలా, వద్దేటి?” అని అరిచాడు. నా మొహం చూడకుండా, “అయినా అర్జీ రాసినది నువ్వే కదా” అన్నాడు. ఆ మాట మా ఇద్దరి మధ్య అలాగే ఉండిపోయింది. ఆయన పోయేవరకూ దాని ఊసు ఎత్తలేదు.

కాకీ గదులున్న చోటుమీదుగా రోడ్డు వచ్చింది. మరుసటి ఎండాకాలం కుళాయీ వచ్చింది. అమ్మ డ్రమ్ములు నింపుకుంది. ఆ నీళ్లు నేనూ తాగాను.

కాకీకి నగరం ఆ చివర, మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది. తలుపు తట్టాను. ఆవిడే తీసింది. సన్నబడిపోయింది. నన్ను గుర్తుపట్టిందని కళ్లలో తెలిసింది. లోపల స్టౌ మీద ఏదో ఉడుకుతోంది.

“కాకీ” అన్నాను.

“ఇంట్లో ఎవరూ లేరు” అని తలుపు వేసేసింది.