లండన్ దొరగా మారిన మా ముత్తాత

ఆ రోజుల్లో ఎక్కడ అన్యాయం కనబడినా దాన్ని సరిదిద్దే బాధ్యత నాదేననుకునేదాన్ని. అప్పుడు బెంగళూరులో, మడివాళ సందులో ఒక చిన్న డిజైన్ కంపెనీలో నా మొదటి ఉద్యోగం. మా యజమాని ఏ పనికైనా "కొంచెం టచప్ చేద్దాం" అనేవాడు గనుక ఆయనకు టచప్ సార్ అని పేరు పెట్టుకున్నాం. సర్జాపుర రోడ్డులో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు, తమ క్లబ్‌హౌస్‌లోని బుల్లి సినిమాహాలు గోడల మీద తొలినాటి సినిమావాళ్ళ ఫొటోలు పెట్టమన్నారు. నేను పొంగిపోయి మా ముత్తాత ఫొటో తెచ్చిచ్చాను. ఆయన అనంతపురం నుంచి రేకు పెట్టెతో బెంగళూరుకు వలస వచ్చి, మూకీల కాలంలో ఒక సినిమా కంపెనీకి మేనేజరైన మనిషి. ఆడవాళ్ళు వేషాలకు రావడానికి జంకుతుంటే, షూటింగుకు తోడుగా తన భార్యనే పంపినవాడు. (అందుకు ఆయన మామగారు బతికినంతకాలం ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు.)

ప్రారంభోత్సవానికి ఆయన కూతురిని, అంటే మా అవ్వను, పట్టుచీర కట్టించి తీసుకెళ్ళాను. గోడ మీద ముత్తాత తలపాగా పోయి టోపీ వచ్చింది. పంచె ప్యాంటయింది. కింద "లండన్ నుంచి వచ్చి మనకు సినిమా నేర్పిన దొర" అని ఇంత పెద్ద అక్షరాలు.

"ఏంటి సార్ ఇది?" అన్నాను.

"అనంతపురం అంటే ఎవరు చూస్తారమ్మా? ఫ్లాట్ల రేంజ్‌కి సెట్టవ్వాలి కదా. చిన్న టచప్, అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే, అందరికీ వినబడేలా, ఉద్యోగం మానేస్తున్నానని ప్రకటించాను. (సరిగ్గా అప్పుడే సమోసాలు రావడంతో ఎవరూ వినలేదు.) ఈలోగా దొరగారి కూతురని తెలిసి జనం అవ్వ చుట్టూ మూగారు. "బామ్మగారూ, లండన్‌లో మీది ఏ ఏరియా?" అని అడిగాడొకాయన.

"లండనా? మా నాయన మదరాసు దాటి ఎప్పుడూ పోలేదప్పా. ఆయనది అనంతపురం. ఊరు ఇంగా ఆడనే ఉండాది, పోయి చూసుకోండి" అంది అవ్వ. "మా అమ్మను సినిమావోళ్ళతో పంపినాడని అయినోళ్ళంతా తిట్టిరి. తిట్లన్నీ ఆయన తినె. పేరు మాత్రం ఆ దొరకా?"

అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ టచప్ సార్‌ని పక్కకు పిలిచి, గోడ మార్చమన్నాడు.

తరువాతి వారం వెళ్ళి చూస్తే పంచె, తలపాగా తిరిగొచ్చాయి. ఊరు మాత్రం తిరువనంతపురం అయింది. టచప్ సార్‌కి ఫోన్ చేసి అరిస్తే, "అనంతపురం ఫుల్ ఫార్మ్ అదే కదమ్మా?" అన్నాడు ఆ మహానుభావుడు. నేను పళ్ళు నూరుతుంటే అవ్వ, "పోనీలే పాపా, లండన్నించి ఆడికి వచ్చినాడు గదా. ఇంగ కొంచెం నడిపిస్తే ఇల్లు చేరతాడు" అంది.

నడిపించాను. సెక్రటరీ నన్ను చూస్తే లిఫ్టు వదిలేసి మెట్లెక్కే స్థితి వచ్చాక ఊరు అనంతపురమైంది. ఆ రోజు అవ్వ ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడి, తండ్రి భుజం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. ఉద్యోగం లేకుండా, రాజ్యం గెలిచినంత దర్జాగా పక్కన నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.