చాయ్ ముట్టని సిపాయి

శాలిబండలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన, ఆదివారం మధ్యాహ్నం నా గది ముందు చెప్పులు విడవగానే సిపాయి అయిపోయేవాడు. పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకం చూసి, ఎనభైల మొదట్లో మేం నలుగురం ఆడిన ఆట అది. నేను కథ చెప్పాలి. తక్కిన ముగ్గురూ ఆ కథలో మనుషులై నడవాలి. గండం వస్తే పాచికలు తేల్చాలి.

మిగతా ఇద్దరూ ఆడుతూనే చాయ్ తాగేవారు. ఆయన మాత్రం కప్పు పక్కకు జరిపేవాడు.

"నేనింక కోటలనే చిక్కుకొని ఉన్న సారూ. ఆడ నీళ్లే లెవ్వు, చాయ్ యాడికెళ్లి వస్తది?"

ఒకరోజు ఆయన సిపాయి తాళ్ల వంతెన దాటి కోటలోంచి బయటపడాలి. తాడు దేనితో పేనారు, ముడి ఎలా వేశారు అని అరగంట అడిగాడు. నాకు విసుగొచ్చింది. పరీక్ష అట్ట అడ్డం పెట్టుకుని ఆయన తరఫున పాచికలు వేశాను. ఏడు దాటితే బతికినట్టు. తొమ్మిది పడింది.

"నాలుగే. తాడు తెగింది. మీ సిపాయి పోయాడన్నా," అన్నాను.

ఆయన అట్ట వెనక్కి తొంగి చూడలేదు.

"పాచికలు గట్ల పడ్డంక ఎవలేం జేస్తరు సారూ," అని, చల్లారిన చాయ్ దగ్గరకు తీసుకుని మెల్లగా తాగాడు.

మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. గోడకు ఆనుకుని మా ఆట చూస్తూ కూర్చున్నాడు. ఇంకో సిపాయినిస్తాను, రమ్మన్నాను.

"సచ్చినోడు మాట్లాడొద్దు గద సారూ," అన్నాడు, చిన్నగా నవ్వి.

తొమ్మిది పడిందని ఒక్క మాట చెబితే లేచి వచ్చేవాడే. నేను ఇంకో కప్పు చాయ్ పోసిచ్చాను.