తప్పు చెప్పుకునే ఆదివారం

తమిళనాడులోని కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీగా పనిచేసే రంగప్పకు ఒకటే పిచ్చి, చదరంగం. చిన్నప్పుడు ఒక పోటీలో చేతికొచ్చిన ఆటను ఏ ఎత్తు దగ్గర పోగొట్టుకున్నాడో ఆయనకు చెప్పిన నాథుడు లేడు. ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు. అందుకే వేరుశనగ మిఠాయి కొట్టు మీది గదిలో ప్రతి ఆదివారం పిల్లలకు ఆట నేర్పుతూ ఒక నియమం పెట్టాడు. ఓడిన పిల్లలు పెద్ద బోర్డు దగ్గర నిలబడి, వెనక కుర్చీల్లోని తల్లిదండ్రులు కూడా వినేలా, తమ తప్పు తామే చెప్పాలి. "ఇలా చెబితే జన్మలో ఆ తప్పు మళ్లీ చెయ్యరు" అని మీసం దువ్వుకునేవాడు. నిజమే, చేసేవాళ్లు కారు.

ఆయన ఆశలన్నీ చెల్లెలు జోతిలక్ష్మి కూతురు ఇళవరసి మీదే. ఆ పిల్ల ఆటలో జంకూ గొంకూ ఉండేవి కావు. మొన్న ఎండాకాలంలో తెగించి గుర్రాన్ని బలి ఇచ్చి ఓడిపోయింది. ఆ ఆదివారం ఆయన ఆమెను బోర్డు దగ్గర నిలబెట్టి "గుర్రాలు దానం చేసే మహారాణి" అని పేరు పెట్టాడు. గది గదంతా నవ్వింది. ఇళవరసి కూడా నవ్వింది కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

తర్వాత విరుదునగర్‌లో పిల్లల పోటీ. మొదటి ఇద్దరికీ మదురైలో ఏడాదిపాటు ఉచిత శిక్షణ. ఆఖరి ఆట గెలిస్తే ఇళవరసికి చోటు ఖాయం, గెలవకపోతే ఏమీ లేదు. ఆమె హాల్లోంచి తల దించుకుని వచ్చి "డ్రా" అంది.

బస్టాండు బెంచీ మీద నూనె పరోటా పొట్లం చల్లారిపోతుంటే, రంగప్ప జేబు చదరంగం తెరిచి, ఆమె కాగితం మీద రాసుకొచ్చిన ఎత్తులు వరసగా వేశాడు. ఒకచోట ఆయన చెయ్యి ఆగిపోయింది. అక్కడ గుర్రాన్ని ఇచ్చేసి ఉంటే అవతలి రాజు బట్టబయలు. ఆపైన రాణి దిగితే ఆట ముగిసినట్టే. ఈ పిల్ల గుర్రాన్ని వెనక్కి తీసుకుంది!

"ఏమే, కండ్లు యాడ పెట్టుకొంటివి? ఇది కనపడలేదా?"

"కనపడె మామా."

"కనపడెనా! మరి ఏంటికి ఆడలేదు?"

"బయమాయె. తప్పిపోతే ఆదివారం అందరి ముందర నిలబెడతావు గదా. వెనక్కి తీస్తే ఎవురూ నన్ను జూసి నగరు."

తనకెవరూ చెప్పలేదని ఇన్నేళ్లు కుమిలిపోయిన మనిషి, చెప్పించీ చెప్పించీ ఈ పిల్ల ధైర్యాన్ని చంపేశాడు. రంగప్ప పావులు ఏరి పెట్టాడు.

"తప్పు నాదే అమ్మా. ఈ ఆదివారం అందరి ముందర నేనే చెప్తా" అన్నాడు.

ఇళవరసి మొహం విప్పారింది. పరోటా మొత్తం తినేసింది.

ఆదివారం రంగప్ప పెద్ద బోర్డు మీద ఆ ఆటే పెట్టాడు. గుర్రం దగ్గరికి రాగానే వెనక కుర్చీల వైపు చూశాడు. నూలు వ్యాపారి ఉన్నాడు, బడి టీచరమ్మ ఉంది, ఫ్యాక్టరీ యజమాని తమ్ముడూ ఉన్నాడు. అందరూ సార్ సార్ అనేవాళ్లే. ఆయన మళ్లీ బోర్డు వైపు తిరిగాడు. "ఇక్కడ తప్పెవరిది?" అని ప్రతి ఆదివారం అడిగే అలవాటుతో తమిళంలో అడిగేశాడు.

"ఇళవరసిది!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

కాదు అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ముందు వరసలో ఇళవరసి ఆయన్నే చూస్తోంది. రంగప్ప గుర్రాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చూసి చూసి ఆ పిల్లే లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. "గుర్రాన్ని ఇచ్చుండాల. ఇయ్యలేదు. తప్పు నాదే" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అదీ వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, మామకు మాత్రమే చెబుతున్నట్టు.

"సరే, కూర్చో" అన్నాడు రంగప్ప.

ఆమె కూర్చోలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

పిల్లలకు ఇలాంటి క్రమశిక్షణే కావాలని నూలు వ్యాపారి వెనక నుంచి మెచ్చుకున్నాడు. రంగప్ప చేతులు జోడించి ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాడు.